ద్రాక్షకొమ్మ భుజకీర్తులు

మా పార్కు గేటు బయట టీ బండి దగ్గర రోజూ పొద్దున్నే ఎనిమిది మందిమి పోగవుతాం. ఆ బెంచీ మీద కూర్చున్నాక ఎవరికీ సొంత పేరు ఉండదు. ఏడాది పొడవునా ఒక్కసారైనా పర్సు బయటికి తియ్యని ఆయన ‘ఆర్థికమంత్రి’. పిల్లలిద్దరూ బయటి దేశాల్లో ఉన్న ఆయన ‘విదేశాంగ మంత్రి’. నడకకని బయల్దేరి పార్కు గేటు దాకా స్కూటరు మీద వచ్చే ఆయన ‘స్పోర్ట్స్ కోటా’. నా బిరుదు మాత్రం చెప్పను. చెప్తే వచ్చే ఆదివారం నుంచి ఈ కాలమ్ ఎవరూ చదవరు.

మూడేళ్ల కిందట ఒకాయన కొత్తగా వచ్చి చేరారు. సూపరింటెండెంటుగా రిటైరై అప్పటికి సరిగ్గా నెల. ముప్ఫై నాలుగేళ్లపాటు ‘సూపరింటెండెంటుగారూ’ అనిపించుకున్న మనిషిని, రిటైరైన మర్నాడు పొద్దున్న పాలవాడు ‘ఏవండోయ్’ అని పిలిచాడట. ఆ మాట చెప్పి నవ్వారు గానీ ఆ నవ్వులో పంచదార తక్కువైంది. రెండో రోజే ఆయనకి ‘వైస్ ఛైర్మన్’ పదవి ఇచ్చేశాం. ఛైర్మన్ ఎవరండీ అని అడిగారు. ఆ పోస్టు ఖాళీ అని, దాన్ని ఎప్పటికీ భర్తీ చెయ్యబోమని చెప్పాం. వారం తిరక్కుండా ఆయన విజిటింగ్ కార్డులు అచ్చేయించి తెచ్చి తలా ఒకటి పంచారు. పేరు కింద ‘వైస్ ఛైర్మన్, పార్కు గేటు టీ బెంచి’ అని బంగారు రంగు అక్షరాలు. ఆయన తమాషాకి వేయించారో, నిజంగానే వేయించారో మేం అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కిందటేడు మా విదేశాంగ మంత్రిగారు ఫ్రాన్సులో కొడుకు దగ్గర మూణ్నెల్లుండి వచ్చి, ఫోనులో ఒక ఫొటో చూపించారు. ఎర్రటి అంగీలు, బంగారు రంగు అంచులు, తలమీద చతురస్రపు టోపీలు, మెడలో రిబ్బనుకి వేలాడుతున్న వెండి గిన్నెలు. కోర్టు జడ్జీలకీ బుర్రకథ వాళ్లకీ మధ్య ఎక్కడో ఉన్నారు ఆ మనుషులు. ‘‘ఎవరండీ వీళ్లు, మతగురువులా?’’ అన్నాను. ‘‘కాదండీ, తాగేవాళ్లు. అక్కడా మన బెంచీ ఉంది’’ అన్నారాయన.

ఉందండీ. మన బెంచీ కంటే చాలా పెద్దది. ఆ ప్రాంతం పేరు బర్గండీ. ఆ బృందం పేరు ‘కాన్ఫ్రెరీ దె షెవాలియే దు తాస్తవాఁ’. పలకడానికి మనకి కాస్త నోరు తిరగాలి గానీ, అర్థం చూస్తే ‘రుచిగిన్నె వీరుల సోదర సంఘం’. వైన్ రంగూ రుచీ చూడటానికి పీపాల మధ్య దీపం వెలుగులో వాడే చిన్న వెండి గిన్నెను తాస్తవాఁ అంటారు. వాళ్ల మెడల్లో వేలాడుతున్నవి అవే.

వీళ్ల వేషం చూసి ఏ పన్నెండో శతాబ్దం నుంచో వస్తున్న ఆచారం అనుకుంటాం. నేనూ అనుకున్నాను. కానీ ఈ సంఘం పుట్టింది 1934లో. అప్పట్లో బర్గండీ పరిస్థితి ఏమీ బాగాలేదు. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం. ఈలోపల 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం. కొనేవాడు లేక నేలమాళిగల్లో పీపాలు పీపాలుగా వైన్ ఉండిపోయింది. రైతు సంగతి చెప్పక్కర్లేదు. తోటకి మందు కొట్టాలి, కూలీలకి డబ్బివ్వాలి, కిందటేటి పంటేమో ఇంట్లోనే మూలుగుతోంది. మన ధాన్యం రైతుకి, మిర్చి రైతుకి ఈ బాధ కొత్తగా చెప్పాలా?

అప్పుడు న్యుయీ సాఁ జోర్జ్ అనే చిన్న ఊళ్లో జార్జ్ ఫేవ్లే, కామీ రోదియే అని ఇద్దరు స్నేహితులకి ఒక ఆలోచన వచ్చింది. మన వైన్ ఎవరూ కొనట్లేదు కదా, అయితే నలుగుర్నీ పిలిచి ఊరికే తాగిద్దాం అని. ఊరికే పిలిస్తే ఎవరొస్తారు? అందుకని బిరుదు కూడా ఇద్దాం అన్నారు. ఆ ఏడు నవంబరులో మొదటి సభ జరిగింది. బిరుదు ఇచ్చే పద్ధతి ఎక్కణ్నుంచి తెచ్చారో తెలుసా? మోలియేర్ 1673లో రాసిన ఒక హాస్యనాటకం నుంచి. ఆ నాటకం చివర్లో, లేని రోగం ఉందనుకునే ఒక ముసలాయనకి ఉత్తుత్తి లాటిన్‌లో మంత్రాలు చదివి డాక్టరు పట్టా ఇచ్చేస్తారు. వైద్యుల గొప్పల్ని వెక్కిరించడానికి రాసిన ఆ ఘట్టాన్నే వీళ్లు నమూనాగా పెట్టుకున్నారు. అంటే ఇది మొదటి రోజునుంచే పూర్తిగా వేళాకోళం. ఎవరూ దాచుకోలేదు.

తంతు ఇలా ఉంటుంది. బిరుదు పుచ్చుకోబోయే మనిషి వేదికమీద నిలబడతాడు. ఆయన గురించి ఒక సభ్యుడు పొగడ్తలాంటి వెక్కిరింతో, వెక్కిరింతలాంటి పొగడ్తో చదువుతాడు. ఆ తర్వాత సంఘం పెద్ద లేచి, ద్రాక్షతీగకి తండ్రి అయిన నోవా పేరిట, వైన్ దేవుడు బాకస్ పేరిట, ద్రాక్షరైతుల్ని కాచే సెయింట్ విన్సెంట్ పేరిట, నిన్ను వీరుణ్ని చేస్తున్నాం అంటాడు. బైబిలు ముసలాయన, రోమన్ల దేవుడు, క్రైస్తవ సాధువు ముగ్గురూ ఒకే వాక్యంలో సర్దుకుంటారు, ఎవరికీ అభ్యంతరం లేదు. రాజుగారైతే కత్తితో భుజం తట్టి వీరుణ్ని చేస్తాడు కదా, ఇక్కడ ఎండిన ద్రాక్షకొమ్మతో తడతారు. మనవాళ్లు పాత రోజుల్లో బిరుదుతోపాటు భుజకీర్తులు పెట్టేవాళ్లు. వీళ్లకి ఆ కొమ్మ దెబ్బే భుజకీర్తి.

బిరుదుల్లోనూ మెట్లున్నాయి. ముందు వీరుడు, తర్వాత కమాండర్, ఆపైన కమాండర్ మేజర్, ఇంకా పైన గ్రాండ్ ఆఫీసర్. పటాలం లేదు, తుపాకీ లేదు, కవాతు అసలే లేదు. ఉన్నదల్లా ఒక పాట, దాంతోపాటు ఒక అభినయం. భోజనం మధ్యలో ఎవరు మొదలుపెట్టినా అందరూ చేతులు పైకెత్తి, మణికట్లు గిరగిరా తిప్పుతూ ‘లా లా లా’ అంటారు. ఆఖర్న చప్పట్లు కొడతారు. మా విదేశాంగ మంత్రిగారు బెంచీ మీద చేసి చూపిస్తే టీ బండి కుర్రాడు పగలబడి నవ్వాడు. మన ఇళ్లలో పసిపిల్లలచేత ఆడించే తారంగమే అది. ఆరొందల మంది పెద్దమనుషులు, అందులో రాయబారులు, పారిశ్రామికవేత్తలు, ఒకేసారి తారంగం ఆడటం ఊహించుకోండి.

సంఘానికి ఒక నినాదం కూడా ఉంది. ‘ఎప్పుడూ వృథాగా కాదు, ఎల్లప్పుడూ వైన్‌లోనే’ అని. తెలుగులో చప్పగా ఉంది కదా. ఫ్రెంచిలో ‘వృథా’కీ ‘వైన్’కీ ఉన్న మాటలు రెండూ ‘వాఁ’ అనే వినిపిస్తాయి. శ్లేష మనవాళ్ల సొత్తే అనుకునేవాణ్ని.

ఈ వేళాకోళం పనిచేసింది. వచ్చి తిని, తాగి, తారంగం ఆడి వెళ్లినవాళ్లు తమ దేశాల్లో బర్గండీ పేరు చెప్పడం మొదలుపెట్టారు. ‘నేను బర్గండీ వీరుణ్ని’ అని చెప్పుకున్నాక ఇంట్లో ఇంకోచోటి వైన్ పెట్టుకుంటే బావుండదు కదా. పదేళ్లు తిరిగేసరికి, 1944లో, ఆ సంఘం క్లో ద వూజో అనే పాత కోటనే కొనేసింది. ఒకప్పుడు సిస్టెర్షియన్ సన్యాసులు ద్రాక్ష పండించిన నేలలో, పదహారో శతాబ్దంలో కట్టిన కోట అది. ఇప్పటికీ సభలూ విందులూ అక్కడే. బిరుదులున్నవాళ్లు ప్రపంచం నిండా వేలల్లో ఉన్నారు. పక్కవాళ్లు చూస్తూ ఊరుకుంటారా? బోర్డో వైపున సెయింట్ ఎమిలియోఁ ఊరివాళ్లు 1199 నాటి రాజపత్రం పేరు చెప్పి, మూలపడిన తమ పాత సభని 1948లో మళ్లీ లేపారు. వాళ్లకీ ఎర్ర అంగీలే.

ఇక్కడ నా యోగ్యత గురించి ఒక మాట చెప్పేయాలి. వైన్ నేను తాగింది రెండుసార్లు. రెండుసార్లూ దగ్గుమందు గుర్తొచ్చింది. మన ఊళ్లలో ‘వైన్స్’ అని ఇంతెత్తు బోర్డు పెట్టిన దుకాణానికి వెళ్లి వైన్ అడిగి చూడండి. కుర్రాడు మిమ్మల్ని పైనుంచి కిందిదాకా చూసి, వెనక అరలో దుమ్ము పట్టిన సీసా ఒకటి వెతికి తీస్తాడు, లేదా లేదంటాడు. బ్రాందీ, విస్కీ, బీరు అమ్మే కొట్టుకి వైన్ పేరు ఎందుకొచ్చిందో గానీ, అదీ ఒక ఉత్తుత్తి బిరుదే. పైగా మనకి సీసా అంటే నవ్వులాట కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తొంభైల మొదట్లో సారా కొట్లు మూయించడానికి రోడ్డెక్కారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్లింది. 1997లో ఆ నిషేధం ఎత్తేశారనుకోండి. కూలి డబ్బులు సారా కొట్లో పోసొచ్చిన మొగుడితో ఏ ఇల్లాలు సరసాలాడుతుంది? అందుకే మన సరసమంతా టీ బళ్ల చుట్టూ చేరింది.

మళ్లీ ఫ్రాన్సు వెళ్దాం. అన్ని బిరుదులూ వేళాకోళం కాదు. బోర్డోలో 1855లో, పారిస్ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ అడిగితే, అక్కడి వైన్ దళారులు తోటలకి అయిదు తరగతులు రాసిచ్చారు. మొదటి తరగతిలో నాలుగే. మూతోన్ తోటకి రెండో తరగతి దక్కింది. ఫ్రెంచిలో మూతోన్ అంటే గొర్రె. ఆ గొర్రె మాత్రం తల వంచలేదు. ‘మొదటిదాన్ని కాలేను, రెండోదాన్ననిపించుకోను, నేను మూతోన్‌ని’ అనే అర్థం వచ్చేలా ఒక నినాదం పెట్టుకుంది. యజమాని బారన్ ఫిలిప్ ద రోత్‌షీల్డ్ దశాబ్దాల తరబడి వెంటపడితే, 1973లో మొదటి తరగతిలోకి ఎక్కించారు. ఆ కాగితంమీద సంతకం చేసిన వ్యవసాయమంత్రి జాక్ షిరాక్, తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. వెంటనే నినాదం మారింది. ‘మొదటిదాన్ని, ఒకప్పుడు రెండోదాన్ని, మూతోన్ మాత్రం మారదు’ అని. నూట పద్దెనిమిదేళ్ల ప్రమోషన్ ఫైలు! మా వైస్ ఛైర్మన్‌గారికి ఈ కథ చెబితే, ‘‘మా ఆఫీసులో ఇంతకంటే పాతవి ఉన్నాయండీ’’ అన్నారు.

తరగతులు రాసేవాళ్ల నాలుకైనా సరైనదేనా అంటే, దానికీ ఒక కథ ఉంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వ్యాపారి, ఫ్రెంచి వైన్లనీ కాలిఫోర్నియా వైన్లనీ పేర్లు కనపడకుండా పక్కపక్కన పెట్టించాడు. తీర్పిచ్చినవాళ్లు తొమ్మిదిమంది, అందరూ ఫ్రెంచివాళ్లే, ఒక్కొక్కరికీ ఇంతింత పొడుగు హోదాలు. వాళ్లలో ఒకాయన ఒక గ్లాసు చప్పరించి, హమ్మయ్య మళ్లీ ఫ్రాన్సుకొచ్చాం అన్నాడు. అది కాలిఫోర్నియాది. ఇంకొకరు ఒక గ్లాసు వాసన చూసి, ఇది తప్పకుండా కాలిఫోర్నియాదే, వాసనే లేదన్నారు. అది బర్గండీది. చివరికి తెల్లవైన్‌లోనూ ఎర్రవైన్‌లోనూ కాలిఫోర్నియా సీసాలే మొదట వచ్చాయి. తీర్పరుల్లో ఒకావిడ తన మార్కుల కాగితం వెనక్కిచ్చెయ్యమని అడిగింది.

వైన్ తాగేవాళ్లంతా ఒకరినొకరు ఇంతగా ఎందుకు ఆటపట్టించుకుంటారో ఇది చదివాకే నాకు తెలిసింది. నాలుక ఎప్పుడు ఎవరి పరువు తీస్తుందో తెలీదు. ముందే నవ్వేస్తే పడ్డప్పుడు దెబ్బ తగలదు. న్యూజిలాండ్‌లో ఒక రకం తెల్లవైన్ పిల్లి మూత్రం వాసన వేస్తుందని రసజ్ఞులు అంటూ వస్తే, అక్కడి కంపెనీ ఒకటి ‘గూస్‌బెర్రీ పొదమీద పిల్లి మూత్రం’ అని సీసామీద పేరే వేసి అమ్మింది.

నవ్వులాట కాని పట్టాలూ ఉన్నాయి. లండన్‌లో 1953లో ‘మాస్టర్ ఆఫ్ వైన్’ పరీక్ష మొదటిసారి పెడితే ఇరవై ఒక్కమంది రాశారు, ఆరుగురు గట్టెక్కారు. మన దేశంలో నివసిస్తూ దాన్ని మొదట సాధించినది సొనాల్ హాలండ్, 2016లో. అమెరికాలో 2018లో ‘మాస్టర్ సొమెలియే’ పరీక్ష ఇరవై నాలుగు మంది పాసయ్యారు. కోటుకి బిళ్ల పెట్టుకున్నారు, ఇళ్లలో పండగ చేసుకున్నారు. నెల తిరిగేసరికి, పరీక్షకి ముందే సమాచారం బయటికి పొక్కిందని తేలి, ఇరవై ముగ్గురి ఫలితాలు రద్దు చేశారు. పేపరు లీకు మనకి మాత్రమే తెలిసిన విద్య కాదన్నమాట. అందులో ఏ తప్పూ చెయ్యనివాళ్ల గతి ఏమిటి? మళ్లీ రాసుకోమన్నారు.

కానీ నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఇంకో బిరుదు. బర్గండీలోనే రోమనే కోంటీ అనే తోట ఉంది. నాలుగున్నర ఎకరాల చెక్క. లోకంలో అంత ఖరీదైన వైన్ పండే నేల ఇంకోటి దొరకడం కష్టం. లాస్ ఏంజెలెస్‌లో రెండు వేల సంవత్సరం తర్వాత, డబ్బున్నవాళ్ల వైన్ బృందాల్లోకి రూడీ కుర్నియవాన్ అని ఒక కుర్రాడు వచ్చాడు. ఇండోనేషియావాడు, చదువుకోడానికని వచ్చాడు. ఆ తోట వైన్ మీద వాడి పిచ్చి చూసి స్నేహితులు ‘డాక్టర్ కోంటీ’ అని పేరు పెట్టారు. ముద్దుపేరే. మా ఆర్థికమంత్రిగారి పేరులాంటిదే. తేడా ఏమిటంటే, వీడు బిల్లులు కట్టేవాడు. అందరి బిల్లులూ. పాత పాత సీసాలు తెచ్చి ధారాళంగా పోసేవాడు. హోటల్లో తాగేశాక ఖాళీ సీసాలు మాత్రం తన ఇంటికి పంపమనేవాడు. గుర్తుగా దాచుకుంటాడు కాబోలు అనుకున్నారు.

2006లో రెండు వేలంపాటల్లో వాడి సీసాలు సుమారు మూడున్నర కోట్ల డాలర్లు పలికాయి. డాక్టర్ కోంటీ ఇంటి సరుకంటే ఇంక అడిగేదేముంది? 2008లో న్యూయార్కు వేలంలో పోన్సో అనే బర్గండీ కుటుంబం పేరుమీద క్లో సాఁ దెనీ వైన్ అమ్మకానికి వచ్చింది. సీసామీద 1945 అనీ, ఇంకా అలాంటి పాత సంవత్సరాలు. ఆ ఇంటి యజమాని లోరాఁ పోన్సో విని గుండె బాదుకున్నాడు. ఎందుకంటే వాళ్లింట్లో ఆ వైన్ చెయ్యడం మొదలుపెట్టిందే 1982లో! ఆయన విమానమెక్కి వెళ్లి వేలం హాల్లో కూర్చుని ఆ సీసాల్ని ఆపించాడు. తర్వాత కుర్రాణ్ని భోజనానికి పిలిచి, ఇవి నీకెవరమ్మారు నాయనా అని అడిగాడు. ‘పాక్ హెంద్రా’ అన్నాడు వాడు. ఇండోనేషియాలో ‘పాక్’ అంటే మన ‘గారు’. హెంద్రా అక్కడ వీధికొకడుంటాడు. మన దగ్గర దొంగసరుకు ఎవరమ్మారయ్యా అంటే ‘సుబ్బారావుగారండీ’ అన్నట్టు.

2012 మార్చిలో పోలీసులు ఇల్లు సోదా చేస్తే, ఆ ఖాళీ సీసాలు, బిరడాలు, కట్టలకొద్దీ లేబుళ్లు, ఏది ఎంతెంత కలపాలో రాసుకున్న కాగితాలు దొరికాయి. 2014లో పదేళ్ల శిక్ష పడింది. 2020లో జైలునుంచి విడుదల చేసి, 2021లో సొంత దేశానికి పంపేశారు. డబ్బు పోయినవాళ్లు కోటీశ్వరులు, వాళ్ల గురించి నేను కన్నీళ్లు పెట్టుకోను. పోన్సోకి మాత్రం అది డబ్బు సంగతి కాదు. తండ్రీ తాతా మట్టి పిసికి నిలబెట్టుకున్న పేరుని, ఎవడో వంటింట్లో గరాటు పెట్టి సీసాలోకి పోశాడు. ఆ కుర్రాడు నిజంగా వైన్ తెలిసినవాడేనట. మంచిది ఏదో, నకిలీ ఏదో నాలుక మీద పెడితే చెప్పగలిగేవాడట. స్నేహితులు బల్ల దగ్గర కుర్చీ వేసి, పేరు పెట్టి, కూర్చోబెట్టారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ పాటికి ఏ బర్గండీ కోటలోనో ఎర్ర అంగీ వేసుకుని, మణికట్లు తిప్పుతూ తారంగం ఆడుతుండేవాడు.

ఇదంతా మొన్న బెంచీ మీద చెబుదామని మంచి ఊపులో వెళ్లాను. వెళ్లేసరికి ఏడుగురే ఉన్నారు. మా వైస్ ఛైర్మన్‌గారు రాలేదు. మూడేళ్లలో ఆయన నాగా పెట్టడం అదే మొదలు. తలా ఒకటి అనుకుంటుండగానే స్పోర్ట్స్ కోటా ఫోను మోగింది. ఆయన ఇల్లాలు. ఆవిడ మాతో ఎప్పుడూ మాట్లాడింది లేదు. కార్డు వెనక ఆయన రాసుకున్న నంబర్లు చూసి చేశారట.

‘‘అన్నయ్యగారూ, వైస్ ఛైర్మన్‌గారికి రాత్రినుంచి జ్వరమండీ. రెండు రోజులు లీవు కావాలని చెప్పమన్నారు. ఇది క్యాజువల్ లీవులో వేస్తారా, మెడికల్ లీవులో వేస్తారా అని కూడా కనుక్కోమన్నారు.’’

మెడికల్ లీవే శాంక్షన్ చేశాం. ఆర్థికమంత్రిగారు సాయంత్రం చూడ్డానికి వెళ్దామని, బత్తాయిలు తనే కొంటానని అన్నారు. టీ బండి కుర్రాడు గ్లాసు కడుగుతున్నవాడల్లా ఆగి ఆయన మొహంలోకి చూశాడు.